తడి స్ఫటికము, గది వేడిమి



కామారెడ్డి పేరు వినగానే మనవారికి బెల్లము జ్ఞప్తికి వచ్చును. బెల్లముండు బజారున పటికబెల్లమును దొరకును. ఒక పలుకును వెలుతురున పట్టి చూడుడు: నునుపైన ముఖములు, పదునైన అంచులు. లోపలి చక్కెర అణువులు వరుస తప్పక పేర్చుకొనియుండుటచేతనే దానికా రూపము వచ్చినది. దానిని మూటగట్టి నడివేసవిలో ఎల్లారెడ్డికి బస్సులో కొనిపోయినను ఆ వరుస చెదరదు.

మాంసకృత్తుల స్ఫటికములు ఇట్టివి కావు. మన రక్తమునందలి హీమోగ్లోబిను, కోడిగ్రుడ్డు తెల్లసొనలోని లైసోజైము వంటివానిని ఉప్పునీటి సాయమున స్ఫటికములుగా కట్టింపవచ్చును. కాని వానిలో రమారమి సగము నీరే. బయట పెట్టినచో కొలదిసేపటికే ఎండి వరుస చెడును. 1934లో కేంబ్రిడ్జియందు బెర్నల్, డొరొతీ క్రోఫుట్ అనువారు పెప్సిను స్ఫటికమును అది పుట్టిన ద్రవముతోడనే సన్నని గాజుగొట్టమున మూసి, ఎక్స్ కిరణములను పంపిరి. ఫిల్ముమీద చుక్కలు బారులు తీరెను. ఆ చుక్కల చోటును, తీవ్రతను కొలిచి, గణితముచే పరమాణువుల ఉనికిని పట్టవచ్చును. 1965లో లండనునందు డేవిడ్ ఫిలిప్స్ బృందము లైసోజైము ఆకృతిని కనుగొన్నదియు తడి స్ఫటికములనుండియే, గది వేడిమియందే.

ఒక చిక్కు కలదు. రూపమును చూపించు కిరణమే స్ఫటికమును చెరచును. అందుచే 1990 దశకమునుండి స్ఫటికమును సున్నకు దిగువ 173 డిగ్రీల వరకు చల్లబరచి పరీక్షించుట వాడుకయయ్యెను. పనివారికి సుఖము కలిగెను. పెక్కుమారులు ఒక్క స్ఫటికముతోనే కొలతలన్నియు ముగియును. మరి అణువు సంగతి? చలికి ముడుచుకొన్న మనిషిని చూచి అతని నడక చెప్పగలమా? మాంసకృత్తు పనిచేయునది కదలికచేతనే. గడ్డకట్టించినప్పుడు దాని కొమ్మలు కొన్ని ఒకే భంగిమలో నిలిచిపోవును.

ఇది కేవలము పండితుల తగవు కాదు. 2020లో కరోనా వైరసుయొక్క ముఖ్యమైన ఎంజైమును అమెరికాలోని ఓక్ రిడ్జి శాస్త్రజ్ఞులు గది వేడిమియందు పరీక్షించిరి. మందు వచ్చి కూర్చుండవలసిన గుంట బిగుసుకొని యుండక, సాగుచు ఒదుగుచు నుండునని తేలెను. తాళపుచెవిని చేయువానికి తాళము కదలునని ముందే తెలియవలదా?

మన దక్షిణదేశమునను ఈ తడి సంగతిని ఓపికతో శోధించినవారు కలరు. డొరొతీగారి బృందములో చేరి 1969లో ఇన్సులిను ఆకృతిని కనుగొనుటలో పాల్గొన్న ఎం. విజయన్ గారు బెంగుళూరు ఇండియన్ ఇన్స్టిట్యూట్ ఆఫ్ సైన్సుకు వచ్చి, లైసోజైము స్ఫటికము చుట్టునున్న గాలితేమను మెల్లగా తగ్గించి చూచిరి. స్ఫటికము పాడుకాక, అణువు రూపమే కొంత మారెను. ఆ మార్పులు అది పనిచేయునప్పటి కదలికలను పోలియున్నవని వారి బృందము గమనించెను. (ఆ సంస్థకే 1957 నుండి 1962 వరకు మన తెలుగువారైన సూరి భగవంతం గారు డైరెక్టరు, స్ఫటికముల సౌష్ఠవము వారి అభిమాన విషయము.)

ఇక గది యనగా ఏ గది? ప్రయోగశాలలో అది 20, 25 డిగ్రీలు. ఎల్లారెడ్డిలో మే నెల మధ్యాహ్నపు గదిని వారు లెక్కలోనికి తీసికొనలేదు. మన ఒంటి వేడిమి 37; లైసోజైమును గ్రుడ్డులో దాచిపెట్టు కోడి ఒంటి వేడిమి 41కి సమీపము. అందుచే నేడు కొందరు స్ఫటికమును ఇంకను వెచ్చజేసి, ఆ వేడిమియందే కొలతలు తీయుచున్నారు.