భయమెచ్చట పుట్టును?



చీకటి దారిలో త్రాటిని చూచి పామని యులికిపడనివారు అరుదు. అది త్రాడేయని బుద్ధికి తెలియునప్పటికే కాలు వెనుకకు పోయియుండును, గుండె దడదడలాడుచుండును. వేదాంతులు ఆ త్రాటితో మాయను బోధించిరి. ఇచ్చట విచారింపదగినది మాయ కాదు, ఆ గుండెదడ.

భయపడుటచే గుండె కొట్టుకొనునా? గుండె కొట్టుకొనుటచే భయము కలుగునా? ఈ ప్రశ్న హాస్యముగ తోచవచ్చును. కాని 1884లో విలియం జేమ్సు అను అమెరికా పండితుడు రెండవదే నిజమనెను. దేహమున కలిగిన మార్పును మనస్సు గ్రహించుటయే ఉద్వేగమని యాతని మతము. 1927లో వాల్టరు కానన్ దీనిని ఖండించెను. కోపమునను, భయమునను, తుదకు జ్వరమునను గుండె వడిగనే కొట్టుకొనును గదా, ఆ దడను బట్టి ఇది భయమని మనస్సు ఎట్లు గుర్తించును? చెమట కోపమునను, భయమునను, సిగ్గునందును పుట్టునని మన నాట్యశాస్త్రము ఏనాడో చెప్పియున్నది.

పిమ్మట విద్వాంసుల దృష్టి మెదడుపైకి మరలెను. కణతల లోపల, ఇరుప్రక్కల, బాదంపప్పు వంటి ముద్ద యొక్కొక్కటి కలదు. దానిని అమిగ్డలా యందురు. గ్రీకుభాషలో ఆ మాటకు బాదమనియే యర్థము. 1937లో క్లూవర్, బ్యూసీ అనువారు, మెదడులోని కణతభాగములు తొలగింపబడిన కోతులు పామును చూచియు బెదరుట లేదని ప్రకటించిరి.

మనుష్యుల మాట యేమి? అమెరికాలో ఒక స్త్రీకి అరుదైన వంశపారంపర్య వ్యాధిచే ఆ రెండు ముద్దలును చెడిపోయినవి. ఆమె పేరును శాస్త్రజ్ఞులు వెల్లడింపలేదు. ఇతరుల ముఖమున సంతోషమును పోల్చుకొనగల యామె భయమును మాత్రము పోల్చుకొనజాలదని 1994లో తేలెను. పాములన్న తనకు గిట్టదని చెప్పుచునే, పాములమ్ము అంగడిలో ఒకదానిని చేతబట్టి మూడు నిమిషములకు పైగా నిమిరెను. అపాయకరములైన పెద్దవానిని సయితము తాకనిమ్మని మాటిమాటికి అడిగెను. ఒకప్పుడు తోటలో ఒకడు ఆమె గొంతున కత్తి యుంచెను. మరునాడు ఆమె ఆ తోట ప్రక్కగనే నడచిపోయెను! దీనిని ధైర్యమనుట పొరపాటు. భయమును అణచుకొనువానికి గదా ధైర్యము! ఆమెకు సంతోషము కలదు, దుఃఖము కలదు, కోపమును కలదు. కత్తి నేర్పవలసిన జాగ్రత్త మాత్రము ఒంటబట్టలేదు.

కథ ఇంతటితో ముగిసినచో భయమునకు ఇల్లు దొరకినట్లే. కాని 2013లో ఒక వింత వెలువడెను. నూటికి 35 పాళ్లు బొగ్గుపులుసు వాయువు కలిసిన గాలిని ఆమెచే ఒక్కమారు పీల్పింపగా, ఊపిరాడనట్లు తోచి ఆమె భయముతో విలవిలలాడెను. అదే వ్యాధిగల మరియిద్దరును అట్లే యైరి. వెలుపలినుండి వచ్చు పాము, కత్తి ఆ బాదంముద్దల ద్వారముననే భయమును కలిగింపవలెను. లోపల ఊపిరి తిరుగకపోవుటకు ఆ ద్వారముతో పనిలేదు. దేహమునుండియే భయము లేచునన్న జేమ్సు పలుకునకు, కానన్ కొట్టివేసిన పిమ్మటను, ఈ ఒక్కచోట కొంత ఆధారము మిగిలియున్నది.