ఒడుగుల తర్వాత పది రోజులు
(సొసైటీ వార్షిక సభలో ఒక రిటైర్డ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీం.



పేదపిల్లలకు ఉచితంగా సున్తీలు చేయించాలని మీరు అనుకుంటున్నారు. మన వాడుకలో ఒడుగులు. మంచి పని. దాని గురించి నర్సుగా, ఒక అక్కగా నాలుగు మాటలు చెబుతాను.

నా చిన్నప్పుడు మా తమ్ముడికి రెండో ఏట ఇంటి దగ్గరే ఒడుగులు చేయించారు. పూలదండ, కొత్త బట్టలు, చుట్టాలకు భోజనాలు. సాయంత్రానికి గుడ్డ తడిసింది. మార్చారు, మళ్లీ తడిసింది. బూడిద అద్దారు, కాఫీ పొడి అద్దారు. తెల్లవార్లూ రక్తం ఆగలేదు. పొద్దున్నే లారీ ఎక్కించి విజయవాడ తీసుకెళ్తే రక్తం ఎక్కించారు. అక్కడ డాక్టరు అమ్మను అడిగారు: "మీ పుట్టింట్లో ఎవరికైనా రక్తం తొందరగా ఆగదా అమ్మా?" పన్ను పీకించుకుంటే రెండు రోజులు రక్తం కారిన మా మామయ్య అప్పుడు గుర్తొచ్చాడు అమ్మకు. అల్లాహ్ దయవల్ల తమ్ముడు బతికాడు. ఆ ప్రశ్న ముందురోజే ఎవరైనా అడిగి ఉంటే వాడికి ఆ రాత్రి ఉండేది కాదు.

ఆ జబ్బు పేరు హీమోఫీలియా. తల్లి వైపు నుంచి మగపిల్లలకు వస్తుంది. అందులో ఎక్కువగా కనిపించే రకం సుమారు 5,000 మంది మగపిల్లల్లో ఒకరికి ఉంటుంది. ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. క్రీ.శ. 936 ప్రాంతంలో కార్డోబా దగ్గర పుట్టిన మన వైద్యుడు అజ్జహ్రావీ తన 'కితాబుత్తస్రీఫ్'లో కత్తెరతో సున్తీ చేసే పద్ధతి రాశాడు. గాయమైతే రక్తం ఆగక మగవాళ్లు చనిపోయే ఒక ఊరి గురించీ అదే గ్రంథంలో రాశాడు. వెయ్యేళ్ల కిందటే మనవాళ్లు రాసిపెట్టిన సంగతిని ఇవాళ మనం అడగకుండా వదిలేయకూడదు.

కాబట్టి పేరు రాసుకునే రోజే తల్లిని కూర్చోబెట్టి అడగండి. మేనమామలకు, అన్నలకు రక్తం ఆగని జబ్బు ఉందా? బిడ్డకు ఊరికే కమిలిన మచ్చలు వస్తాయా? మూత్రం ధార చివర నుంచి వస్తోందా, కింది వైపు నుంచా? కింది వైపు నుంచి వస్తే ఆ బిడ్డకు ఒడుగులు ఆపాలి. ఆ లోపాన్ని సరిచేసే ఆపరేషన్‌కు ఆ చర్మమే కావాలి. ఇలాంటి బిడ్డ సుమారు 200–300 మందిలో ఒకరు ఉంటారు. ముందు పిల్లల సర్జన్‌కు చూపించాలి.

అయితే హీమోఫీలియా పిల్లల్లో దాదాపు మూడోవంతు మందికి కుటుంబంలో అంతకుముందు ఎవరికీ ఆ జబ్బు ఉండదు. అడిగినా తెలియదు. అందుకే ఇంటికెళ్లాక కనిపెట్టుకుని ఉండటం కూడా అంతే ముఖ్యం.

ఇక ఇంటి సంగతి. ఏడాది నుంచి మూడేళ్ల పిల్లాడికి నొప్పి కన్నా అమ్మ కనిపించకపోవడమే పెద్ద భయం. వీలైనంతవరకు తల్లిని పక్కనే ఉండనివ్వండి. "ఏమీ కాదు, బజారుకి వెళ్తున్నాం" అని అబద్ధం చెప్పి తీసుకెళ్లకండి. "కొంచెం నొప్పి పుడుతుంది, నేను నీ దగ్గరే ఉంటా" అంటే చాలు. మత్తు ఇచ్చేటట్టయితే ఎప్పటి నుంచి పాలు, అన్నం ఆపాలో డాక్టరును అడిగి, చెప్పినట్టే చేయండి. జాలిపడి ఒక ముద్ద పెట్టినా అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

నొప్పికి పారాసిటమాల్ సిరప్. దీంట్లో పొరపాటు సులభం. 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉండే సీసా ఉంది, 250 ఉండేదీ ఉంది. డాక్టర్లు కిలోకు 15 మి.గ్రా. లెక్కన రాస్తే 10 కిలోల బిడ్డకు మొదటిది 6 మి.లీ., రెండోది 3 మి.లీ. మాత్రమే. ఆరు గంటలకొకసారి, రోజుకు నాలుగుసార్లకు మించకూడదు. ఆస్పిరిన్ ఇవ్వకూడదు. సీసా మీద ఎన్ని మి.లీ. పోయాలో పెన్నుతో రాసి ఇవ్వండి.

రెండు మూడు రోజులకు గాయం మీద పసుపుపచ్చ పొర కడుతుంది. అది చీము కాదు, మానుతున్న గుర్తు. రుద్ది తీస్తే మళ్లీ రక్తం వస్తుంది. పసుపు, బూడిద, కాఫీ పొడి ఏదీ అద్దకండి. వదులు లుంగీ చాలు. రింగు పెట్టి చేసి ఉంటే దాన్ని లాగకండి, సాధారణంగా వారం, పది రోజుల్లో అదే రాలిపోతుంది.

రక్తం కారితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టండి. అయినా ఆగకపోతే, ఎనిమిది గంటలు దాటినా మూత్రం పోయకపోతే, 100.4 డిగ్రీలు దాటి జ్వరం వస్తే, ఎరుపు పొట్ట వైపు పాకితే తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి.

దాతలకు నా మనవి ఒక్కటే. క్యాంపు రోజున ఫోటోలు, దండలు, బిర్యానీ ఉంటాయి. మూడో రాత్రి గుడిసెలో ఆ తల్లి ఒక్కతే ఉంటుంది. మీరిచ్చే సొమ్ములో కొంత ఆ రాత్రి కోసం పక్కన పెట్టండి. ఒక సిరప్, కొలత గ్లాసు, శుభ్రమైన గాజుగుడ్డ, ఆటో చార్జీ, రాత్రిపూట ఎత్తే ఒక ఫోన్ నంబరు. మూడో రోజు, పదో రోజు ఇంటికెళ్లి చూసి వచ్చే ఒక అక్క. ఎంతమందిని ఇలా కనిపెట్టుకోగలమో అంతమందికే చేయిద్దాం. నూరుమందికి చేయించామని చెప్పుకోవడం కంటే, ముప్ఫై మందికి చేయించి ముప్ఫై మందీ బాగున్నారని చెప్పగలగడం మేలు.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. మన పిల్లలందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.