హోల్‌సా వాడకం – ఉద్యోగుల భద్రత

(బీజాపూర్ జిల్లా తర్లగూడలో తపాలా, రైల్వే ఉద్యోగుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం తరగతి అనగానే డి.ఎ. లెక్కలు, పింఛను సంగతులు, బదిలీల గొడవలు చర్చకు వస్తాయని మీరు అనుకొని ఉంటారు. అవి ముఖ్యమైనవే. కాని ఈ పూట నేను ఒక చిన్న పనిముట్టును గురించి మాట్లాడదలచినాను. దాని పేరు హోల్‌సా. కొందరు హోల్ కట్టర్ అంటారు. అంచు చుట్టూ రంపపు పళ్ళు గల ఉక్కు గిన్నె అది. నడుమ పైలట్ డ్రిల్ అనే సన్నని బిట్ ముందుకు పొడుచుకొని ఉంటుంది. వెనుక ఆర్బర్ అనే కాడ ఉంటుంది. దానిని డ్రిల్ మిషను చక్‌లో బిగిస్తారు.

రైల్వేలో సిగ్నలు పెట్టెలోనికి కేబుల్ తీసుకొనిపోవలెనన్నా, బోగీలో గొట్టం దూర్చవలెనన్నా ఇది అవసరమవుతుంది. తపాలా కార్యాలయంలో కౌంటరు బల్లకు కంప్యూటరు తీగల కొరకు రంధ్రం వేయుటకు ఇదే సాధనం. 2017 డిసెంబరులో దర్పణ్ పథకం ప్రారంభమైన తరువాత గ్రామాల బ్రాంచి ఆఫీసులకు సౌర పలకలు, చేతి యంత్రాలు వచ్చినవి. బ్రాంచి ఆఫీసుకు చోటు చూపవలసినవాడు గ్రామీణ డాక్ సేవకుడే. కనుక చెక్కకు, రేకుకు రంధ్రం పెట్టే పని వచ్చినప్పుడు అది ఆయన మీదనే పడుతుంది. ఎవరో ఒకరి దగ్గర డ్రిల్ మిషను అరువు తెచ్చుకొని, నేర్పినవారు లేకుండానే ఆ పనికి దిగుతాడు.

ఈ సంగతిని తర్లగూడలో చెప్పుటకు ఒక కారణమున్నది. ఇది గోదావరికి చేరువలో, తెలంగాణ సరిహద్దున ఉన్న ఊరు. 2007లో ఏర్పడిన బీజాపూర్ జిల్లాలో నేటికీ రైలు మార్గం లేదు. పట్టణంలో వ్రేలు తెగినవాడు ఆటో ఎక్కి ఆసుపత్రికి పోతాడు. ఇక్కడ తెగినవాడు బండి దొరికేవరకు ఆగవలెను, తరువాత అడవి దారిన ప్రయాణం చేయవలెను. ఆసుపత్రి ఎంత దూరమో జాగ్రత్త అంత ఎక్కువ కావలెను.

మొదటి సంగతి వేగం. హోల్‌సా వలన జరిగే ప్రమాదాలకు ఇదొక మూలం. సన్నని డ్రిల్ బిట్ నిమిషానికి 2,800 చుట్లు తిరిగినా దాని అంచు ప్రయాణించే దూరం తక్కువ. అదే మిషనుకు 50 మిల్లీమీటర్ల హోల్‌సా బిగించి అదే వేగంతో తిప్పితే, దాని పళ్ళు నిమిషానికి 440 మీటర్లు పరుగెడతాయి. మెత్తని ఉక్కు కోయుటకు బైమెటల్ హోల్‌సా పళ్ళు తట్టుకొనే వేగం నిమిషానికి సుమారు 27 మీటర్లు మాత్రమే. అంటే పదహారు రెట్లు అధికం! పళ్ళు నీలిరంగుకు తిరిగి, మెత్తబడి, విరిగి ఎగురుతాయి.

కనుక ఈ లెక్క గుర్తుంచుకోండి. మెత్తని ఉక్కు మీద 25 మిల్లీమీటర్ల హోల్‌సాకు నిమిషానికి సుమారు 350 చుట్లు, 50కి 170, 75కి 115. స్టెయిన్‌లెస్ స్టీలుకు ఇందులో సగం చాలును. చెక్కకు, అల్యూమినియానికి కొంత ఎక్కువ ఉండవచ్చును. హోల్‌సా పెద్దదైన కొలదీ వేగం తగ్గవలెను. రెండు గేర్లు గల మిషనులో తక్కువ గేరే వేయవలెను. గోడకు వాడే సుత్తి దెబ్బ మీటను, అనగా హామర్ స్థానాన్ని, తప్పక తీసివేయవలెను. ఆ దెబ్బలకు పళ్ళు నిలువవు.

రెండవ సంగతి పట్టు. హోల్‌సా చుట్టూ ఉన్న పళ్ళన్నీ ఒకేసారి కోస్తాయి. ఏ ఒక్క చోట చిక్కుకున్నా, తిరిగే శక్తి అంతా తిరగబడి మిషను మీదికి వస్తుంది. పట్టుకొన్న మణికట్టు మెలిపడుతుంది. నిచ్చెన మీద ఉన్నవాడు క్రిందపడతాడు. అందుచేత పక్క పిడి లేకుండ పెద్ద హోల్‌సా వాడరాదు. రెండు చేతులు, గట్టి నిలకడ ఉండవలెను. కోసే వస్తువును బెంచి వైస్‌లోనో క్లాంపులతోనో బిగించవలెను. ఒక చేత్తో రేకు పట్టుకొని మరొక చేత్తో మిషను నడుపుట ప్రమాదాన్ని పిలుచుట. చిక్కిన రేకు చక్రం వలె తిరిగి చేతిని కోస్తుంది.

పలుచని రేకుకు వెనుక చెక్కముక్క అమర్చండి. చెక్కకైతే పైలట్ డ్రిల్ అవతలికి కనబడగానే ఆపి, చెక్కను త్రిప్పి అవతలి వైపు నుండి పూర్తిచేయండి. చెక్క చీలదు, లోపలి బిళ్ళ కూడ సులువుగా వస్తుంది. మందపాటి చెక్కలో పొట్టు బయటికి పోయే దారి లేక పళ్ళు కాగి పొగ వస్తుంది. కోయవలసిన గీతను ఆనుకొని, పోవలసిన ముక్క వైపున ఒక చిన్న రంధ్రం వేస్తే పొట్టు అందులోనికి రాలుతుంది. ఇదివరకే ఉన్న రంధ్రాన్ని పెద్దది చేయునప్పుడు పైలట్‌కు ఆధారముండదు. అందుకు కావలసిన కొలతతో ఒక పలకకు రంధ్రం చేసి, ఆ పలకను పైన బిగించి, దానిలో నుండి కోయవలెను.

మూడవ సంగతి విద్యుత్తు. అవతలి వైపు ఏమున్నదో చూడక మిషను ఆన్ చేయరాదు. తీగలున్న పెట్టెకు రంధ్రం వేయునప్పుడు సరఫరా నిలిపి, ఫ్యూజు తీసి, పరీక్షించి చూడవలెను. మిషను తీగ పైపొర చీలి ఉంటే దానిని వాడరాదు. 30 మిల్లీయాంపియర్ల లీకేజికి విద్యుత్తును తెంచే ఇ.ఎల్.సి.బి. ఉన్న బోర్డు నుండే సరఫరా తీసుకొనుట మంచిది.

బిళ్ళ గిన్నెలో ఇరుక్కొనుట నిత్యం జరిగేదే. అప్పుడు ప్లగ్గు పూర్తిగా తీయండి, బ్యాటరీ మిషనైతే బ్యాటరీ తీయండి. ఆ తరువాతనే ప్రక్కనున్న బెజ్జము నుండి స్క్రూడ్రైవరుతో నెట్టండి. వ్రేలితో లాగరాదు. ఆ బిళ్ళ అంచులు పదునుగా ఉంటాయి, కాగి కూడ ఉంటాయి.

కళ్ళకు గాగుల్స్ విధిగా ఉండవలెను. మామూలు కళ్ళద్దాలు ప్రక్కల నుండి వచ్చే రజనును ఆపవు. కండువా, చున్నీ, వదులు చేతుల చొక్కా, ఉంగరం, గాజులు – ఇవన్నీ తిరిగే కాడకు చుట్టుకొనేవే. చేతితొడుగులు రేకు మోయునప్పుడు వేసుకోండి. మిషను తిరుగుతుండగా వదులైన తొడుగు వద్దు. అది చిక్కితే చేతిని కూడ లోపలికి లాగుతుంది.

ఒక హెచ్చరిక. ట్రాకుపై ఫిష్‌ప్లేటు బోల్టుల కొరకు పట్టాకు వేసే రంధ్రం హోల్‌సా పని కాదు. దానికి వేరే రైలు డ్రిల్లింగు మిషను ఉన్నది. గ్యాసు మంటతో రంధ్రం కాల్చుట అసలే కూడదు. అలాంటి రంధ్రపు అంచున పుట్టిన పగులు నక్షత్రం వలె వ్యాపించి పట్టాను విరుస్తుంది. అక్కడ ప్రమాదం మిషను పట్టినవానికే గాక బండిలో ఉన్నవారందరికీ.

ఇక సంరక్షణ. పని ముగియగానే పళ్ళ నడుమ ఇరికిన పొట్టును, రజనును బ్రష్షుతో తీయవలెను. చెక్క బంక పట్టి ఉంటే కడిగి, ఆరబెట్టి, పలుచగా నూనె రాయవలెను. ఉక్కు కోయునప్పుడు కటింగ్ ఆయిల్ వేయండి. పోత ఇనుముకు, చెక్కకు అవసరం లేదు. పైలట్ మొద్దుబారితే గిన్నె ప్రక్కకు జారుతుంది. అది చవకైన భాగం, వెంటనే మార్చవలెను. పెద్ద హోల్‌సాలకు ఆర్బర్‌లోని పిన్నులు గిన్నె వెనుక బెజ్జాలలో పూర్తిగా కూర్చున్నవో లేవో ప్రతిసారి చూడండి. ఒక్క పన్ను ఊడినా ఆ హోల్‌సాను పారవేయండి. ఊడిన చోటు తరువాతి పన్ను మీద భారం రెట్టింపవుతుంది, ఆ పన్నూ ఊడుతుంది. సంచిలో అన్నీ కలిపి వేయక, కొలతల వారీగా ఒక చెక్కపెట్టెలో అమర్చుకోండి.

ఇవన్నీ తెలిసినవే గదా, సంఘం తరగతిలో ఎందుకని అడుగవచ్చును. తక్కువ గేరున్న మిషను, పక్క పిడి, గాగుల్స్, కొత్త పైలట్ – ఇవన్నీ డబ్బుతో కూడినవి. పని నిదానంగా చేయుటకు సమయం కావలెను. ఆ డబ్బు, ఆ సమయం ఇవ్వవలసినవారు యాజమాన్యం వారు. అవి ఇవ్వకుండ "జాగ్రత్తగా ఉండు" అని చెప్పుట బాధ్యతను కార్మికుని నెత్తిన పెట్టుటే. 1973 ఆగస్టులో లోకో రన్నింగు సిబ్బంది సమ్మె చేసినప్పుడు పదిగంటల విధి వారి ముఖ్యమైన కోరిక. అలసిన చేతి నుండి జాగ్రత్తను ఆశించరాదని వారు ఆనాడే దేశానికి చెప్పినారు.

చట్టం సంగతి చూడండి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షను కళ్ళ రక్షణకు తెరలు, గాగుల్స్ సంగతి చెప్పినది. రైల్వే వర్క్‌షాపులకు ఆ చట్టం వర్తించినది. తపాలా కార్యాలయం ఫ్యాక్టరీ కాదు గనుక ఆ సెక్షను అక్కడికి రాలేదు. 2025 నవంబరు 21న, 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమలులోనికి వచ్చినది. కాని కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు అది వర్తించదని అందులోనే వ్రాసి ఉన్నది. కౌంటరు బల్లకు రంధ్రం వేసే చేయి, వర్క్‌షాపులో రంధ్రం వేసే చేయి ఒకటి కాదా? పళ్ళకు ఆ భేదం తెలుస్తుందా?

1923 నాటి నష్టపరిహార చట్టపు పట్టికలో బొటనవ్రేలు పోతే సంపాదనా శక్తిలో 30 శాతం, చూపుడు వ్రేలు పూర్తిగా పోతే 14 శాతం, రెండవ కన్ను బాగుండి ఒక కన్ను పోతే 40 శాతం నష్టమని లెక్క కట్టినారు. ఆ పట్టిక తయారుచేసినవారు మనియార్డరు డబ్బు లెక్కించే బొటనవ్రేలిని, రాత్రివేళ సిగ్నలు రంగు చూసే కంటిని తలచుకొని ఉండరు. పరిహారం కొరకు పోరాడుట మన విధి. పరిహారం అడిగే అవసరం రాకుండ చూచుట అంతకంటె ముందున్న విధి.

కనుక ప్రతి శాఖ మూడు పనులు చేయవలెనని కోరుతున్నాను. మీ పరిధిలోని డ్రిల్ మిషనులను, హోల్‌సాలను ఒకసారి స్వయంగా పరీక్షించి, పనికిరానివాటి జాబితా వ్రాతపూర్వకంగా అధికారికి ఇచ్చి రసీదు పుచ్చుకోండి. శిక్షణ లేనివారి చేత, ముఖ్యంగా గ్రామీణ డాక్ సేవకుల చేత, ఈ పని చేయించరాదని తీర్మానించండి. చేయవలసి వస్తే తగిన పనిముట్టు, గాగుల్స్ కార్యాలయం ఖర్చుతో ఇవ్వవలెనని అడగండి. స్వల్ప గాయమైనా అదేరోజు వ్రాతలో నమోదు చేయించండి. నమోదు కాని గాయానికి రేపు సాక్ష్యముండదు.

చట్టం చేరని చోటికి సంఘం చేరవలెను. తర్లగూడ వంటి మారుమూలకు ముందుగా చేరవలెను. ఈ మధ్యాహ్నం ఈ గదిలోనే ఒక మిషను, మూడు కొలతల హోల్‌సాలు బల్లమీద ఉంటాయి. నేను చెప్పినది విని వెళ్ళవద్దు. ప్లగ్గు తీసి ఉన్నప్పుడు వాటిని చేతిలోనికి తీసుకొని, పళ్ళు చూచి, పిన్నులు చూచి, గేరు మార్చి, మీ చేతులతో నేర్చుకొని వెళ్ళండి.