మన్యపు విద్యాలయము: అతిథి యెవరు? గృహస్థు డెవరు?

(విజయనగరమున నొక పఠనమందిరమునందు గావించిన యుపన్యాసము)



2014 నాటి రాష్ట్రవిభజన చట్టమున వాగ్దానము చేయబడిన గిరిజన విశ్వవిద్యాలయము 2019లో పార్లమెంటు శాసనముచే మనకు లభించినది. మన పట్టణము చెంతనున్న కొండకరకమున తాత్కాలికముగ తరగతులు ప్రారంభమైనవి. 2023 ఆగస్టు 25వ తేదీన మఱ్ఱివలస, చినమేడపల్లి గ్రామములకడ స్వంత భవనములకు శంకుస్థాపన జరిగినది. స్థలము సుమారు 560 ఎకరములు. అరకునకు విహారార్థము వచ్చువారిని ఇచ్చటికిని రప్పించి, వనమూలికల తోటలను, పక్షులను, గిరిజనుల కళలను చూపినచో బాగుండునని కొందఱు మిత్రులు మాతో ననుచున్నారు. తలంపు మంచిదే. కాని ఆ యింట అతిథి యెవరు, గృహస్థు డెవరు అను ప్రశ్న ముందుగ తేలవలెను.

అరకు వైపు చూడుడు. కొత్తవలస-కిరండోలు రైలుమార్గము బైలడిల్ల యినుపరాతిని ఓడరేవునకు దింపుటకై 1960 ప్రాంతమున నిర్మింపబడినది. 2017లో దానికి అద్దాలపెట్టె తగిలించిరి. చైత్రపండుగనాడు, పెండ్లిండ్లలోను ఊరంతయు చేయిచేయి కలిపి యాడు థింసా నేడు విడిదిగృహముల ముంగిట, పిలిచినపుడెల్ల ఆడబడుచున్నది. కూలి దొరకుట తప్పని మేమనము. అయితే ఆడినవారికి కూలియు, ఆడించినవారికి లాభమును దక్కుట యే ధర్మము?

న్యాయవాదవృత్తిలో నున్న మేము ఇచ్చట నొక తీర్పును మీకు జ్ఞాపకము చేయక తప్పదు. అనంతగిరి మండలమున, బొఱ్ఱాగుహల పరిసర గ్రామములలో ప్రభుత్వము ప్రైవేటు కంపెనీలకు గనుల కౌళ్ళు వ్రాసి యిచ్చెను. గిరిజనేతరునకు షెడ్యూల్డు ప్రాంతపు భూమి బదలాయింపరాదని 1959 నాటి నిబంధనయు, దానిని బిగించిన 1970 నాటి 1వ నిబంధనయు ఘోషించుచుండగనే యిది జరిగినది. సమత యను సంస్థ సుప్రీముకోర్టు వఱకు పోరాడెను. 1997 జూలై 11న కోర్టువారు, ఆ నిబంధనలోని ‘వ్యక్తి’ యను పదమునందు ప్రభుత్వమును చేరునని తేల్చిరి; గనుల నికరలాభములో కనీసము 20 వంతులు నూటికి స్థానికుల యభివృద్ధికై కేటాయింపవలెననిరి. మఱ్ఱివలస భూమికి ఆ నిబంధన వర్తించునా యని కాదు మా వాదము. గనికి న్యాయమైనది విహారమునకు మాత్ర మేల కాకూడదు?

ఇక విద్యమాట. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర యువకుని తమ యింట నుంచుకొని, వానికడ శిష్యులై ఆ భాష నేర్చిరి. 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. (గ్రాంథికమును ఖండించిన మహనీయుని గ్రాంథికముననే స్మరించుచున్నాము, వారి యాత్మ నవ్వుకొనునేమో!) కొండవారిని గురువులుగ నెంచిన ఆ పద్ధతియే విశ్వవిద్యాలయమునకు పునాది కావలెను. అడ్డాకు ఎపుడు కోయవలెనో, ఏ వేరు ఏ జ్వరమునకు పనిచేయునో యెఱిగిన ముసలమ్మ వచ్చువారికి బోధించునపుడు ఆమెకు ఉపన్యాసకురాలి గౌరవవేతన మీయవలెను. ఫోటోకు చిల్లర కాదు. ఆమె చెప్పిన మూలికపై రేపెవరైన పేటెంటు సంపాదింపకుండ ఆమె యూరి పేరు పుస్తకమున నెక్కవలెను.

దినమున కింతమందియే రావలెనను హద్దు, వేసవిలో చుట్టుపట్ల గ్రామముల నీటికి కొఱత రానీయమను లిఖితపూర్వకమైన హామీ, ప్రవేశరుసుములో గ్రామసభలకు వాటా - ఈ మూడును లేక ద్వారము తెఱవరాదని విశ్వవిద్యాలయము వారికి విన్నపము సిద్ధము చేసితిమి. ప్రతి బల్లపై నున్నది. చదివి, సమ్మతమైనవారు సంతకము చేయుదురు గాక. అసమ్మతులు కారణము వ్రాసి యిచ్చినను స్వీకరింతుము.