పట్నం గోడల మీద మన రాత ఏది?

(విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీరు మాకు ఇచ్చిన అంశం హైదరాబాద్ గోడల మీది బొమ్మలు. మేం చిత్రకారులం కాదు, పత్రికల రాసుకునేటోళ్లం. కానీ ఈ పట్నం గోడలతోని మాకు వేరే చుట్టరికం ఉన్నది. వాటి మీద రాసినం. రాసుకుంట పట్టుబడ్డం. లాఠీ దెబ్బలు తిన్ననాడు ఆ గోడలకే ఒరిగి కూసున్నం. అందుకే పిలవంగనే సరే అన్నం. నాలుగు ఆదివారాలు మేం నలుగురం, ఇద్దరు పత్రికోళ్లం, ఒక లెక్చరర్, ఒక సైన్‌బోర్డు ఆర్టిస్టు, పొద్దున్నే బయలుదేరి గోడలు చూసుకుంట తిరిగినం. చూసింది చూసినట్టు చెప్తం. నచ్చనిది నచ్చలేదనే చెప్తం.

గన్‌పార్కు కాడ మొదలుపెట్టినం. అది గోడ కాదు, స్తూపం. అయినా మన బొమ్మల చరిత్ర అక్కడ మొదలుకాకుంటే ఇంకెక్కడ మొదలైతది? 1969 అమరుల కోసం 1970లో పునాదిరాయి వేసిన్రు. ఎన్ని అడ్డంకులొచ్చినా శిల్పి ఎక్కా యాదగిరిరావు చేతి పనిగ 1975 నాటికి అది నిలబడ్డది. ఏటా దండలు వేసి ఫొటోలు దిగి వచ్చుడే గాని, ఆ రాయి మీద తూటాల గుర్తులు ఎన్ని ఉన్నయో మనలో ఎంతమంది లెక్కపెట్టినం? తొమ్మిది. అప్పటి తెలంగాణ జిల్లాలు తొమ్మిది. రాయి మీద అక్షరం రాయకుంటనే చెప్పాల్సింది చెప్పిండు ఆ శిల్పి.

రోడ్డు దాటితే పబ్లిక్ గార్డెన్స్. అక్కడి మ్యూజియంల అజంతా బొమ్మల నకళ్లు ఉన్నయి. అజంతా మనదా అని మా వెంట ఉన్న పిలగాడు అడిగిండు. 1956 దాకా అజంతా ఉన్న ఔరంగాబాద్ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలనే ఉన్నది మరి. 1914లో పురావస్తు శాఖ పెట్టి గులాం యజ్దానీని దానికి పెద్దగ చేసిన్రు. పెచ్చులూడి రాలిపోతున్న గుహల బొమ్మలను నిలబెట్టడానికి 1920లో ఇటలీ నుంచి నిపుణులను పిలిపించిన్రు. నకళ్లు తీయించి పట్నంల పెట్టిన్రు. నిజాం మీద మనకు వంద అభ్యంతరాలు ఉన్నయి, ఉండాలె కూడా. వెట్టిచాకిరీ మరిచేది కాదు. కానీ గోడ మీది బొమ్మ రాలిపోతుంటే ఒక ప్రభుత్వం ఏం చేయొచ్చో చూపించిన లెక్క కూడా మన చరిత్రలనే ఉన్నది. హైదరాబాదుకు సంస్కృతి లేకుండె, మేం వచ్చి నేర్పినం అని చెప్పినోళ్ల మాటలు యాభై ఏండ్లు విన్నం కాబట్టి ఇది చెప్పాల్సి వస్తున్నది.

మూడో ఆదివారం పాతబస్తీకి పోయినం. మదీనా కాడ బాద్‌షాహీ ఆషుర్‌ఖానా ఉన్నది. కులీ కుతుబ్‌షా కాలంల కట్టింది. లోపలి గోడలకు రంగురంగుల మెరుగు పలకలు. పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆ పలకల పని 1611 నాటికి పూర్తయింది. నాలుగు వందల ఏండ్ల కింది పసుపు ఇప్పటికీ నిన్న వేసినట్టే ఉన్నది. 1908 మూసీ వరదల కింది భాగం దెబ్బతిన్నది. పోయినకాడ పలకలు పెట్టలేక, అదే నమూనాను రంగుతోని దించిన్రు. మా ఆర్టిస్టు అన్న ఆ గోడ కాడ చాలాసేపు నిలబడ్డడు. పలక ఎక్కడ అయిపోయిందో, రంగు ఎక్కడ మొదలైందో వేలుతోని గాలిల గీసి చూపిచ్చిండు. "పోయినదాన్ని పోయినట్టే తెలిసేటట్టు అతికిన్రు, దొంగతనం చేయలే" అన్నడు. ఆ మాట మాకు బాగ నచ్చింది.

అక్కడికి దగ్గరనే ఛత్తాబజార్. పెండ్లి కార్డులకు పేరున్న గల్లీ. ఒకప్పుడు కాతిబులు వరుసగ కూసొని వెదురు కలంతోని ఉర్దూ అక్షరాలు రాసేటోళ్లు. కంప్యూటర్ వచ్చినంక ఒక్కొక్కరు లేచిపోయిన్రు. ఇప్పటికీ కలం పట్టేటోళ్లు ఉన్నరు, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తెలుగు సైన్‌బోర్డు ఆర్టిస్టు, ఉర్దూ కాతిబు, ఇద్దరి కథ ఒక్కటే. ఇద్దరూ ఎన్నడూ ఒక వేదిక మీద కూసున్నది మాత్రం మేం చూడలేదు.

ఇగ కొత్త బొమ్మల సంగతి. రాజ్‌భవన్ పక్కన, రైలుపట్టా ఒడ్డున ఎం.ఎస్. మక్తా బస్తీ ఉన్నది. 2016ల స్టార్ట్ ఇండియా అనే సంస్థ, నగరపాలక సంస్థ కలిసి ఆ బస్తీ ఇండ్ల గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేయించిన్రు. బయటి నగరాల నుంచి, బయటి దేశాల నుంచి ఆర్టిస్టులు వచ్చిన్రు. మన హైదరాబాద్ దంపతులు స్వాతి, విజయ్ లాంటోళ్లు ఈ పట్నం గోడల మీద మన మనుషుల మొఖాలనే అంతస్తుల ఎత్తు నిలబెట్టిన్రు. పోయేముందు మాకు అనుమానం ఉండె. పేదల ఇంటికి రంగేసి పెద్దలు చూసి పోయే తమాషా కావచ్చు అనుకున్నం. పోయి చూస్తే సగం నిజం, సగం కాదు. బొమ్మలు బాగున్నయి. కొన్ని వెలిసిపోయినయి, కొన్నిటి ముందు కొత్త మెట్లు, నీళ్ల ట్యాంకులు వచ్చినయి. అది తప్పు కాదు, గోడ అన్నంక ఇల్లు పెరుగుతది. ఒక ఇంటి ముందు కూసున్న అవ్వను అడిగినం, ఈ బొమ్మ మీకు ఇష్టమేనా అని. "నాకిష్టమే బిడ్డా. మా మనవడు దీని గుర్తు చెప్పే దోస్తులను ఇంటికి తీస్కొస్తడు. కానీ వచ్చినోళ్లు గోడను చూస్తరు, మమ్ముల చూడరు. ఫొటో దిగి పోతరు. నీళ్లు తాగుతరా అంటే కూడ ఆగరు" అన్నది. మేం ఆగి నీళ్లు తాగినం. ఆగకపోయి ఉంటే ఆమె చెప్పినోళ్లలో మేం కూడా ఉండేటోళ్లం.

ఫ్లైఓవర్ స్తంభాలు, ఆఫీసుల కాంపౌండ్ గోడలు, బస్టాండ్ల పక్క గోడలు చూస్తే ఇంకో ముచ్చట. బతుకమ్మ, బోనం, చార్మినార్, పాలపిట్ట, పెద్ద బొట్టు పెట్టుకున్న ఆడమనిషి. మళ్లీ బతుకమ్మ, మళ్లీ బోనం. తోట వైకుంఠం గారు మన ఊరి ఆడోళ్లను ఏండ్ల తరబడి చూసి, కష్టపడి తెచ్చిన రూపం అది. దాన్ని చూసి చూసి దించుడే అయిపోయింది. రాష్ట్రం రాకముందు సినిమాల్ల తెలంగాణ మనిషి అంటే విలనో, జోకరో. ఇప్పుడు గోడల మీద మన బొట్టు, మన బోనం కనపడుతుంటే సంబురం కాదా? సంబురమే. మొదటిసారి చూసినప్పుడు మా కండ్లల్ల నీళ్లు తిరిగినయి, దాచేదేం లేదు. కానీ పదేండ్లు దాటినంక కూడా తెలంగాణ అంటే ఆ నాలుగు బొమ్మలేనా? బీడీలు చుట్టే చేతులు ఏవి? గల్ఫ్‌కు పోయినోని పెట్టె ఏది? 1857ల కోఠి రెసిడెన్సీ మీదికి ఎగబడ్డ తుర్రెబాజ్ ఖాన్ ఏడి? 1948ల కాచిగూడల చంపబడ్డ షోయబుల్లా ఖాన్ మా వృత్తికి పెద్దన్న. ఆయన మొఖం మాకు ఏ గోడ మీద కనపడలే. రెసిడెన్సీ ఉన్న కాలేజీ ఇయ్యాల మహిళా విశ్వవిద్యాలయం అయింది, 2024ల చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్నది. ఆ చుట్టుపక్కల ఒక్క గోడ చాలు, ఇద్దరి కథా చెప్పొచ్చు.

కథ చెప్పే బొమ్మ మనకు కొత్త కాదు. చేర్యాల నకాషీలు చింతగింజల అంబలి, సుద్ద కలిపి ఖద్దరు గుడ్డకు పూసి, ఎర్ర నేల మీద వరుసగ బొమ్మలు రాసేటోళ్లు. ఆ పటం పట్టుకొని డక్కలి వాళ్లు మాదిగోళ్లకు జాంబపురాణం చెప్పేటోళ్లు, కూనపులి వాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేటోళ్లు. చాకలోళ్లకు మడేలు పురాణం ఉండె. ఏ కులానికి ఆ కులం తన పుట్టుక తాను చెప్పుకునే బొమ్మ. రాజుల బొమ్మ కాదు. ఇప్పుడు చేర్యాల అంటే డ్రాయింగ్ రూంల మాస్కు అయింది. గోడకెక్కించేటోళ్లు ఆ పటం రంగులు తీసుకున్నరు, ఆ పటం చెప్పిన కథను ఇడిసిపెట్టిన్రు.

మన రాతల కాడికి వద్దాం. 1970లు, 80లల రాడికల్ విద్యార్థుల ఎర్ర అక్షరాలు చూసి పెరిగిన పట్నం ఇది. మాకు ఆ పని నేర్పింది ఎవరో కాదు, ఇప్పుడు మా వెంట తిరిగిన ఆర్టిస్టు అన్ననే. ముందు గోడ గీకాలె. సున్నంల కొంచెం నీలిమందు, కొంచెం బంక కలపాలె, లేకుంటే చేతికి అంటుకుంట రాలిపోతది. ఈతబరిగె కొన దంచితే కుంచె. ఎర్రజాజు, లేకుంటే నీలం. జై తెలంగాణ అంటే అయిదే అక్షరాలు. అయినా 'ణ' కాడికి వచ్చేసరికి జాగ సరిపోయేది కాదు, మూలకు ముడుచుకొని పోయేది. "ముందు చివరి అక్షరం జాగ చూసుకొని మొదటి అక్షరం రాయుండ్రి" అని తిట్టేటోడు అన్న. ఒకరు రాస్తుంటే ఇద్దరు గల్లీ మూలల నిలబడి పోలీసు జీపు కోసం చూడాలె. 2009 డిసెంబర్ 9 ప్రకటన వచ్చిన రాత్రి ఒక్కరం కూడా కాపలా నిలబడలే. 23న మాట మారినంక మళ్లీ నిలబడ్డం.

బండ్ల నెంబర్ ప్లేట్ల మీద ఏపీ కొట్టేసి టీజీ రాసుకున్నది గుర్తున్నదా? అది కూడా గోడ రాతనే, నడిచే గోడ. 2014ల రాష్ట్రం వచ్చినంక ప్రభుత్వం టీఎస్ అన్నది. 2024 మార్చిల మళ్లీ టీజీ అయింది. జనం రాసుకున్న రెండక్షరాలు గెజిట్‌కు ఎక్కనీకి రాష్ట్రం వచ్చినంక కూడా పదేండ్లు పట్టింది.

కొంచెం కష్టమైన ముచ్చట. ఒక ప్రభుత్వ ఆఫీసు కాంపౌండ్ గోడ ఉన్నది, పేరు చెప్పం. 2010ల మా దోస్తు ఒకడు, విద్యార్థి, ప్రాణం తీసుకున్నడు. వాని పేరు ఆ గోడ మీద మేం రాసినం. ప్రతి ఏడు ఆ తారీఖున పోయి కుంచెతోని మళ్లీ దిద్దేటోళ్లం. రాష్ట్రం వచ్చిన కొన్నేండ్లకు పోయి చూస్తే అక్కడ తామర పువ్వు, రెండు చిలుకలు. మంచిగనే వేసిన్రు. కోపంతోని లోపలికి పోయి ఎవరు ఇచ్చిన్రు ఈ పని అని అడిగినం. సంతకం చేసింది మా అన్ననే. 2011 సకల జనుల సమ్మెల నలభై రెండు రోజులు జీతం లేకుంట మా పక్కన కూసున్న ఉద్యోగి. ఆయన మొఖం ఇప్పటికీ కండ్ల ముందున్నది. "గోడలన్నీ శుభ్రం చేయుండ్రి అని పై నుంచి కాగితం వచ్చింది తమ్మీ. అందుల ఏమున్నదో నేను పోయి చూడలే" అన్నడు. తిట్టలేకపోయినం. మేం కూడా ఆ రాతను ఎన్నడూ ఫొటో తీసి పెట్టుకోలే. అదీ మా తప్పే. ఇయ్యాల ఆ అక్షరాలు ఎంత ఎత్తు ఉండెనో కూడా మాలో మాకు కుదరలేదు.

గోడలను పాడుచేయొద్దని 1997 నుంచి చట్టం ఉన్నది. ఉద్యమ రాతకు ఆ చట్టం గట్టిగ పనిచేసింది. రియల్ ఎస్టేట్ వెంచర్లకు, కోచింగ్ సెంటర్లకు, పార్టీల పుట్టినరోజులకు ఎంత పనిచేస్తున్నదో మీరు ఇంటికి పోయే తొవ్వల చూడుండ్రి. మేం గోడలన్నీ మాకే ఇయ్యుండ్రి అంటలేం. ఇంటి గోడ ఇంటామె ఇష్టం. సర్కారు గోడ మాత్రం అందరిది. రంగేసే ముందు అక్కడ ఏమున్నదో ఒక్కసారి చూడాలె, ఫొటో తీయాలె, చుట్టుపక్కలోళ్లను అడగాలె. ఈ సభల కూసున్న ఉద్యోగులు ఆ ఫైలు మీద ఈ మూడు మాటలు రాయగలరు. దానికి జీవో అక్కరలేదు.

పని ఎవరికి ఇస్తున్నరో కూడా చూడుండ్రి. 2000 తర్వాత ఫ్లెక్సీ వచ్చి ఈ పట్నంల సైన్‌బోర్డు ఆర్టిస్టుల కడుపు మీద కొట్టింది. మా అన్న ఇప్పుడు అపార్ట్‌మెంట్లకు రంగులేసే మేస్త్రీ కింద కూలి. అక్షరం రాసే చెయ్యి రోలర్ తిప్పుతున్నది. గోడల మీద తెలంగాణ బొమ్మలు వేయించే కాంట్రాక్టు వచ్చిందని ఒకసారి పోయిండు. పటం ముందే కంప్యూటర్ల ఉన్నది, గడులు గీసి రంగు నింపుడే అన్నరట. చదరపు అడుగు లెక్కన కూలి. ఉద్యమంల రాసినోనివా, రాయనోనివా అని అడిగినోడు లేడు. అడగాలనీ కాదు గాని, పేరు రాసుకోనీకి కింద మూలకు జానెడు జాగ ఇస్తరా అని అన్న అడిగిండట. ఇయ్యలేదు.

విద్యార్థులకు ఒక పని చెప్పి ముగిస్తం. కోఠి, నల్లకుంట, విద్యానగర్, అడిక్‌మెట్, యూనివర్సిటీ చుట్టు గల్లీలల్ల ఇంకా పాత రాతలు మిగిలున్నయి. సగం 'తె', మూలకు ముడుచుకున్న 'ణ', ఒకటి రెండు పేర్లు. పోస్టర్ల కింద, కరెంటు డబ్బాల ఎనుక. ఉర్దూల రాసినయి కూడా ఉన్నయి, చదివేటోళ్లను వెంట తీసుకపోదాం. ఫొటో, జాగ, ఎవరు రాసిన్రో తెలిస్తే వాళ్ల మాట. మేం ఒక నోటుబుక్కు మొదలుపెట్టినం, ఇప్పటికి ముప్పై ఒక్క గోడలు ఎక్కినయి.

వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకు గన్‌పార్కు కాడ కలుద్దాం. ఎండ ముదరకముందే పని కావాలె. ఆర్టిస్టు అన్న కూడా వస్తనన్నడు. ఆయనకు మోకాలు నొప్పి, మెల్లగ నడుద్దాం.

జై తెలంగాణ.