కీళ్ల అరుగుదల – కాంట్రాస్ట్ సి.టి. పరీక్ష



బైలదిల్లా ఇనుపకొండల నెక్కి దిగు కిరండూల్ వాసులకు మోకాళ్లపై పడు భారము తెలియనిది కాదు. ఎముకల కొనలను కప్పియుండు మృదులాస్థి సాధారణ ఎక్స్‌రేలో కనబడదు. ఎముకల నడుమ ఎడము తగ్గినపుడే దాని అరుగుదల ఊహకు అందును. అప్పటికే నష్టము జరిగియుండును.

1971లో తొలిసారి రోగిపై ప్రయోగింపబడిన సి.టి. పరీక్షకు అయోడిన్ మందు తోడైనచో ఈ కొరత చాలవరకు తీరును. సూదితో కీలులోనికి ఎక్కించిన మందు మృదులాస్థి అంచులను, పగుళ్లను స్పష్టపరచును. మృదులాస్థి సారము ఋణవిద్యుత్తు గలది; అదే విద్యుత్తు గల మందును దూరముగా నెట్టును. సారము క్షీణించిన చోట మందు అధికముగా ఇంకును.

ఎం.ఆర్.ఐ. పొసగనివారికి ఇది మిక్కిలి ఉపకరించును. అయితే ప్రతి నొప్పికిని ఇది అక్కరలేదు. ఇందు కిరణముల తాకిడి కలదు. అయోడిన్ మందు లోగడ పడనివారు ముందే వైద్యునకు తెలుపవలెను. నొప్పిని వయసుపై నెట్టి ఊరకుండుట మాత్రము ఎవరికిని తగదు.