పెట్రోల్ స్కూటర్ బదులు బ్యాటరీ బండి: కొనే ముందు ఈ మాటలు వినండి

(మొన్న క్యాంపులో జరిగిన సేఫ్టీ మీటింగులో మన సూపర్‌వైజర్ అన్న మాట్లాడింది)



ఈ మధ్య మనోళ్లు చానామంది బ్యాటరీ బండి కొంటే ఎట్లుంటదని అడుగుతున్నారు. దుబాయిలో పెట్రోల్ స్కూటర్ నడపాలంటే మోటార్ సైకిల్ లైసెన్సు కావాలి, ముల్కియా కావాలి, ఇన్సూరెన్స్ కావాలి. బండి కొనకముందే వేల దిర్హాములు. అందుకే అందరి చూపు కరెంటు బండి మీదికి పోతున్నది. ఖర్చు తక్కువన్న మాట నిజమే. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్ బ్యాటరీ నిండడానికి అర యూనిట్ కరెంటు కూడా పట్టదు. ఇరవై కిలోమీటర్ల దాకా పోవచ్చు. ఆయిల్ లేదు, ప్లగ్గు లేదు.

కానీ షాపుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి నిలబడి నడిపే మడత స్కూటర్. రెండోది సీటుండి, చిన్న మోటార్ సైకిల్ లెక్క కనిపించే పాకెట్ బైక్. ఈ రెండోది ట్రాక్ మీద సరదాకు తిప్పడానికి చేసిన బండి. నంబర్ ప్లేట్ లేని దాన్ని రోడ్డెక్కిస్తే పట్టుకుంటారు. చవకగా వస్తుందని కొని పైసలు పోగొట్టుకోకండి.

మడత స్కూటర్‌కు ఆర్టీఏ పర్మిట్ ఉంది. వెబ్‌సైట్‌లో పాఠం చదివి, పరీక్ష పాసైతే ఫ్రీగా ఇస్తారు. డ్రైవింగ్ లైసెన్సు ఉన్నోళ్లకు పర్మిట్ అక్కర్లేదు. పర్మిట్ లేకుంటే 200 దిర్హాములు ఫైన్. హెల్మెట్ లేకున్నా 200. స్పీడ్ లిమిట్ 60 దాటిన రోడ్డు మీదికి పోతే 300. వెనక ఇంకొకరిని ఎక్కించుకున్నా 300. 2022లో కరామా, మన్‌ఖూల్, ఖుసైస్ లాంటి 10 ఏరియాల్లో మొదలుపెట్టి తర్వాత పెంచారు. అంటే క్యాంపు నుంచి హైవే మీద సైటుకు పోయే బండి కాదు ఇది. మెట్రోలో 2024 మార్చిలో బంద్ పెట్టి, అక్టోబర్‌లో మళ్లీ ఒప్పుకున్నారు. అది కూడా సీటు లేని మడత బండి, 20 కిలోలు దాటకుంటేనే.

ఇగ అసలు మాట. ఫైన్ కట్టుకోవచ్చు, ప్రాణం తెచ్చుకోలేం. మన రూముల్లో ఆరుగురు, ఎనిమిది మంది పడుకుంటాం. తలుపు ఒక్కటే. ఆ తలుపు దగ్గరే బండి పెట్టి, రాత్రంతా చార్జింగ్ పెట్టి నిద్రపోతున్నారు. లిథియం బ్యాటరీ అంటుకుంటే నిమిషాల్లో రూమంతా విషపు పొగ. ఆరిందనుకున్నది మళ్లీ అంటుకుంటుంది.

అందుకే ఇవి పాటించండి:

• బండితో వచ్చిన చార్జరే వాడండి. 36 వోల్టుల బ్యాటరీకి 42 వోల్టుల చార్జర్, 48 దానికి 54.6. పిన్ను సరిపోయింది గదా అని మార్చి పెట్టొద్దు.
• మెలకువగా ఉన్నప్పుడే, క్యాంపు బాస్ చూపించిన జాగలోనే చార్జింగ్. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు స్టవ్వు, బండి రెండూ పెట్టొద్దు.
• ఎండలో నుంచి తెచ్చిన బండిని చల్లారినాక పెట్టండి.
• ఉబ్బిన, కిందపడి దెబ్బతిన్న, నీళ్లలో మునిగిన బ్యాటరీని మళ్లీ వాడొద్దు. పాత బ్యాటరీ కొనొద్దు.
• పొగ వస్తే సామాను కోసం ఆగొద్దు. అందరినీ లేపి బయటికి రండి, తలుపు మూయండి, 997కు ఫోన్ చేయండి.

పక్క మంచంలో పడుకున్నోడు మీ బండి కొనలేదు, కానీ దాని పక్కనే నిద్రపోతున్నాడు. వాడికీ ఊళ్లో పెళ్లాం పిల్లలున్నారు. బండి కొనే ముందు రూమ్మేట్లను అడగండి, క్యాంపు బాస్‌ను అడగండి. రూల్స్ మారుతుంటాయి కాబట్టి ఆర్టీఏ యాప్‌లో ఒకసారి చూసుకోండి. చదవడం రాకుంటే బండి ఫోటో మన గ్రూపులో పెట్టండి, చూసి చెప్తాం. కొన్నాక కాదు, కొనక ముందే పెట్టండి.